నల్లని ఆకుల డాలియా: దక్షిణ తెలంగాణ ఇంటి తోటలో పెంపకం

డాలియాను సాధారణంగా పువ్వు కోసం పెంచుతారు. వంకాయ రంగుకో, ముదురు కాచు రంగుకో తిరిగిన ఆకులుండే రకాలను మాత్రం ముందు ఆకు కోసం పెంచాలి. ఆ ఆకు రంగు నిలిస్తేనే దాని మీద ఎర్రగానో పసుపుగానో విచ్చుకున్న పువ్వుకు అందం వస్తుంది. రంగు తప్పి పచ్చబడితే అది ఏ నర్సరీలోనైనా దొరికే మామూలు డాలియాతో సమానమైపోతుంది. కాబట్టి ఈ మార్గదర్శిలో చెప్పే ప్రతి పనినీ, అది నీరు పెట్టడమైనా ఎరువు వేయడమైనా, ఆకు రంగును దృష్టిలో పెట్టుకునే చెప్పడం జరిగింది.

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు డాలియా అనగానే అది కొండ ప్రాంతాల పువ్వు, మన ఎండలకు ఆగదు అంటారు. అందులో కొంత నిజముంది. డాలియా మెక్సికో, మధ్య అమెరికా దేశాల ఎత్తైన కొండ ప్రాంతాలకు చెందిన మొక్క; మెక్సికో దానిని 1963లో తన జాతీయ పుష్పంగా ప్రకటించింది. పగలు మంచి వెలుతురు, రాత్రి చల్లదనం దానికి పుట్టింటి అలవాటు. మన దగ్గర ఆ రెండూ కలిసి దొరికేది దసరా నుంచి శివరాత్రి వరకే. ఆ నాలుగైదు నెలలను సరిగ్గా వాడుకుంటే సంక్రాంతి నాటికి తోట నిండుగా ఉంటుంది. వేసవిలో కూడా పూయించాలన్న ఆశ మాత్రం పెట్టుకోకూడదు. అలాగే బతుకమ్మలో పేర్చడానికి ఈ పువ్వు అందుతుందని అనుకోవద్దు. తంగేడు, గునుగు పూసే రోజుల్లో మన డాలియా ఇంకా నారు దశలోనే ఉంటుంది.

ఆకు నల్లబడడానికి కారణం

ఆకులో పత్రహరితం ఎప్పటిలాగే ఉంటుంది. దాని మీద ఆంథోసయనిన్ అనే ఎరుపు–ఊదా వర్ణకం దట్టంగా పేరుకోవడం వల్ల పచ్చదనం కప్పబడి ఆకు నల్లగా కనిపిస్తుంది. ఒక ఆకును ఎండకు ఎదురుగా పట్టి చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది: పైనుంచి నల్లగా కనిపించిన ఆకులోంచి వెలుతురు ఎర్రగా దిగుతుంది, వెనక్కు తిప్పితే అడుగు భాగం పచ్చగా ఉంటుంది.

ఈ వర్ణకం తయారీకి బలమైన వెలుతురు కావాలి, చల్లని రాత్రులు దానిని పెంచుతాయి. నత్రజని ఎక్కువైతే మొక్క వేగంగా, మెత్తగా పెరిగి ఆకు పచ్చదనానికి తిరుగుతుంది. మన ప్రాంతంలో చాలామంది ఎండకు జాలిపడి మొక్కను మామిడి చెట్టు కిందనో, వరండా అంచుననో పెడతారు. అక్కడ మొక్క బతుకుతుంది, పొడుగ్గా సాగుతుంది, ఆకులు మాత్రం పాచిపట్టిన పచ్చరంగులోకి మారతాయి. చలికాలపు ఎండ ఈ మొక్కకు శత్రువు కాదు. వేడెక్కిన మట్టే దాని శత్రువు. నీడ ఇవ్వవలసింది వేరుకు, ఆకుకు కాదు.

ఏ రకం, ఎక్కడి నుంచి

ఈ తరహా మొక్కల్లో అన్నిటికంటే ప్రసిద్ధమైనది ‘బిషప్ ఆఫ్ లాండాఫ్’. వేల్స్‌లోని కార్డిఫ్‌లో ఫ్రెడ్ ట్రెసెడర్ 1924లో దీనిని రూపొందించారు. నల్లటి ఆకుల మీద నిప్పులాంటి ఎర్రని పూలు పూసే ఈ రకం సుమారు మూడడుగుల ఎత్తు పెరుగుతుంది. నారింజ రంగు ముద్దపూలు కావాలంటే ‘డేవిడ్ హోవర్డ్’ ఉంది. గింజతో మొదలుపెట్టేవారికి ‘బిషప్స్ చిల్డ్రన్’ అనే మిశ్రమం, పొట్టి మొక్కలు కావాలంటే ‘డయాబ్లో’ మిశ్రమం బాగుంటాయి.

పేరున్న రకం అచ్చంగా అదే రావాలంటే గడ్డ గానీ, కొమ్మ ముక్క గానీ నాటాలి. డాలియా కణాల్లో క్రోమోజోముల సమితులు (పూర్తి సెట్లు) రెండు కాక ఎనిమిది ఉంటాయి కనుక గింజల నుంచి వచ్చే పిల్లలు ఒకదానికొకటి పోలవు. అయినా మొదటి ఏడాది గింజతోనే మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. ఖర్చు తక్కువ, మన నేలలో మన నీటితో మొలిచిన మొక్క బలంగా ఉంటుంది, పైగా ఆ పంటలోనే గడ్డలు కూడా కడుతుంది. గడ్డలు ఎక్కువగా కలింపాంగ్, డార్జిలింగ్ కొండల నుంచి పార్సిల్‌లో వస్తాయి. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల్లో నల్లాకు రకాలు అరుదు. కొనేటప్పుడు పువ్వు బొమ్మను కాక కాండం రంగును చూడాలి. ఆకుకాడ, కాండం రెండూ ముదురు రంగులో ఉంటేనే అది నిజమైన నల్లాకు రకం.

కాలం లెక్క

వినాయక చవితి దాటాక, అంటే సెప్టెంబరు మధ్యలో గింజలు వేయాలి. అక్టోబరు రెండో సగంలో నారు నాటాలి. గడ్డలైతే వానలు వెనకబట్టిన తరువాత, సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు లోపల పెట్టాలి. డిసెంబరులో మొదటి పూలు వస్తాయి, జనవరిలో పూత ముమ్మరంగా ఉంటుంది.

ఈ లెక్కలో ఆలస్యం చేయకూడదనడానికి చలి ఒక్కటే కారణం కాదు. పగటి పొద్దు 12 గంటల కంటే తగ్గుతున్నకొద్దీ డాలియా తన శక్తిని కొమ్మల నుంచి గడ్డల వైపు మళ్లిస్తుంది. మన ప్రాంతంలో డిసెంబరు చివర పగలు 11 గంటల పైచిలుకు మాత్రమే ఉంటుంది. అప్పటికే నాలుగు కొమ్మలు వేసిన మొక్క ఆ మార్పును తట్టుకుంటుంది. నవంబరు చివరలో నాటిన మొక్క మాత్రం జానెడు ఎత్తులోనే ఆగి, రెండు మూడు పూలు పూసి ఊరుకుంటుంది. ఆలస్యం అయిందనుకుంటే కుండీలను వాకిట్లో దీపం పడే చోట పెట్టి, పొద్దుగూకిన తరువాత మూడు నాలుగు గంటలు ఆ వెలుతురు సోకేలా చేస్తే పెరుగుదల కొంత కొనసాగుతుంది. మొగ్గలు కనిపించగానే అది ఆపేయవచ్చు.

నేల, కుండీ, నీరు

ఎర్ర చెల్కలు, దుబ్బ నేలలు డాలియాకు బాగా నప్పుతాయి. నీరు నిలవదు, గడ్డ కుళ్లదు. వాటిలో లోపమల్లా తేమ త్వరగా ఆరిపోవడం, సారం తక్కువగా ఉండడం. చదరపు గజానికి ఒక తట్ట బాగా చివికిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్ల వేపపిండి కలిపి అడుగు లోతు తవ్వితే చాలు. నల్లరేగడి ఉన్న ఇళ్లలో నేలలో నాటవద్దు. తప్పనిసరైతే అడుగు ఎత్తున మట్టి కట్ట వేసి దాని మీద నాటాలి.

కుండీలో పెంచేవారు 12 అంగుళాల కుండీకి తగ్గవద్దు. ఎర్రమట్టి రెండు పాళ్లు, వర్మీకంపోస్టు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు కలిపి వాడవచ్చు. నల్ల ప్లాస్టిక్ కుండీలు మధ్యాహ్నం చేయి పెట్టలేనంతగా కాలుతాయి, లోపలి వేరు ఉడుకుతుంది. మట్టి కుండీ గానీ, సున్నం పూసిన సిమెంటు కుండీ గానీ మంచిది. మేడ మీద పెట్టేవారు కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి, కాలిన స్లాబు నేరుగా తగలకుండా చూసుకోవాలి.

మన దగ్గర అసలు చిక్కు నీటితోనే. నల్గొండ జిల్లాలో బోరు నీళ్లు అనగానే ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది గానీ, డాలియాకు ఎక్కువ ఇబ్బంది కలిగించేది నీటిలోని ఉప్పు, బైకార్బొనేట్లు. కుండీ అంచుల మీద తెల్లని పొర కడుతూ ఉంటే మట్టిలో క్షారగుణం పెరుగుతున్నట్టు. అప్పుడు ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందదు. బత్తాయి తోటలు చూసినవారికి ఈ లక్షణం తెలిసిందే: ఈనెలు ముదురుగా ఉండి, వాటి మధ్య భాగం వెలిసిపోతుంది. నల్లని ఆకులో ఇది పసుపుగా కాక వెలిసిన గోధుమ రంగుగా కనిపించి మోసగిస్తుంది, రంగే తగ్గిందేమో అనిపిస్తుంది. లేత ఆకుల్లోనే ఈనెలకూ మధ్య భాగానికీ తేడా కనిపిస్తే ఇనుము లోపమని అర్థం చేసుకుని, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి సాయంత్రం వేళ ఆకులపై పిచికారీ చేయాలి. వారం పది రోజుల తరువాత మరొకసారి చేస్తే సరిపోతుంది. వాన నీరు పట్టి ఉంచుకోగలిగితే నారు దశ మొత్తానికి దానినే వాడండి. నల్లా నీరు వచ్చే ఇళ్లలో బోరు నీటిని పక్కన పెట్టడమే మేలు.

గింజ నుంచి నారు

డాలియా గింజ నల్లగా, పలచగా, సన్నని పొట్టు ముక్కలా ఉంటుంది. ప్రోట్రేలో, అంటే గుంతలున్న నారు ట్రేలో, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు సమపాళ్లలో నింపి, గుంతకు ఒక గింజ చొప్పున అర సెంటీమీటరు లోతులో పెట్టి, పైన పలచగా కప్పాలి. నీరు చిమ్మి నీడలో ఉంచితే వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తాయి. మొలక కనిపించిన రోజే ట్రేను వెలుతురులోకి మార్చాలి. ఒక్క రోజు నీడలో మరిచినా మొలక దారంలా సాగి పడిపోతుంది. నారుకుళ్లు రాకుండా మిశ్రమంలో ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రపు పొడి కలపడం మంచిది. ఉదయం పూట ఒక్కసారి తడిపి, సాయంత్రానికి పైపొర ఆరేలా చూసుకోవాలి.

తరువాతి పని ఏరివేత. మిశ్రమ గింజల్లో పచ్చాకు మొక్కలు కొన్ని తప్పకుండా వస్తాయి. బీజదళాలను, అంటే మొలకతో మొదట వచ్చే రెండు ఆకులను, చూసి తేల్చకూడదు, అవి నల్లాకు మొక్కలోనూ పచ్చగా ఉండవచ్చు. రెండో జత అసలు ఆకులు విచ్చేదాకా ఆగి, ట్రేను నాలుగైదు రోజులు ఉదయపు ఎండలో ఉంచి, ఆ తరువాత చూడాలి. నీడలో పెరిగిన నారంతా పచ్చగానే కనిపిస్తుంది, అప్పుడే ఏరితే మంచివి కూడా పోతాయి. ఎండ తగిలాక కాండం మొదలు, ఆకుకాడ, ఆకు అంచు ఈ మూడూ రంగు పట్టిన మొక్కలను ఉంచుకుని, మిగిలినవి ఇరుగుపొరుగుకు ఇచ్చేయవచ్చు. వాటి పూలకేమీ లోటుండదు.

గడ్డ నాటేటప్పుడు

ఆలుగడ్డకు ఒంటి నిండా కళ్లుంటాయి, ముక్క కోసి ఎక్కడ పెట్టినా మొలుస్తుంది. డాలియా గడ్డ అలా కాదు. కన్ను గడ్డ మీద ఉండదు, గడ్డ మెడ పాత కాండంతో కలిసే చోట మాత్రమే ఉంటుంది. ఆ మెడ విరిగిన గడ్డ ఎంత లావుగా ఉన్నా మొలకెత్తదు. పార్సిల్ అందగానే మొదట పరీక్షించవలసింది దీనినే. కన్ను కనిపించకపోతే తడి కొబ్బరిపొట్టులో వారం పది రోజులు సగం పూడ్చి ఉంచితే గులాబీ రంగు మొటిమలా బయటపడుతుంది.

నాలుగైదు అంగుళాల లోతు గుంతలో గడ్డను పడుకోబెట్టి, కన్ను పైకి ఉండేలా పెట్టి, కప్పాలి. మొలక పైకి వచ్చేదాకా నీరు దాదాపు పెట్టకపోవడమే మంచిది. నాటిన రోజు ఒక తడి, తరువాత మట్టి పూర్తిగా ఎండిపోయిందనిపిస్తే మరొకటి చాలు. మన ప్రాంతంలో ఈ దశలో పోయే గడ్డల్లో ఎక్కువ భాగం ఎండి పోయేవి కావు, కుళ్లి పోయేవే.

నాటడం, తల తుంచడం, ఊత

కనీసం ఆరు గంటల నేరుగా పడే ఎండ ఉన్న చోటును ఎంచుకోవాలి. తూర్పు, దక్షిణం తెరిపిగా ఉండి, మూడు గంటల తరువాత గోడ నీడ పడే స్థలం దొరికితే అంతకంటే మంచిది లేదు. వెనుక ఏముందన్నది కూడా చూడాలి. నల్లని ఆకు ముదురు రంగు గోడ ముందు కనబడకుండా పోతుంది. సున్నం వేసిన గోడ గానీ, వెనుక వరుసగా నాటిన నిమ్మగడ్డి గానీ ఉంటే ఆకు రంగు తేలుతుంది. పడమటి ఎండ కొట్టే తెల్ల గోడకు మాత్రం మూడడుగుల ఎడం ఇవ్వండి, అక్కడ వేడి తిరిగి కొడుతుంది.

మొక్కకూ మొక్కకూ ఒకటిన్నర నుంచి రెండు అడుగుల దూరం ఉండాలి. సాయంత్రం నాటి, మొదటి వారం మాత్రం మధ్యాహ్నం పలచని షేడ్‌నెట్ కప్పి, ఆ తరువాత తీసేయాలి. ఊతకర్రను నాటిన రోజే పాతాలి. తరువాత పాతితే కర్ర మొన పెరిగిన గడ్డలోకి దిగుతుంది. నాటిన వెంటనే మొదలు చుట్టూ రెండంగుళాల మందాన పల్లి పొట్టు గానీ వరిగడ్డి గానీ పరచాలి. మహబూబ్‌నగర్ వైపు పల్లి పొట్టుకు కరువుండదు, మట్టిని చల్లగా ఉంచడంలో దానికి మించింది లేదు. పొట్టు కాండానికి తగలకుండా మూడు వేళ్ల ఖాళీ వదలాలి.

మూడు నాలుగు జతల ఆకులు రాగానే నడి మొగను గోటితో తుంచేయాలి. చాలామందికి చేతులు రాక వదిలేసే పని ఇది. తుంచితే ప్రతి ఆకు మొదలు నుంచి ఒక కొమ్మ లేస్తుంది, ఆకుల గుబురు రెట్టింపవుతుంది. నల్లాకు రకాలకు కావలసింది ఆ గుబురే. తుంచిన తలను పారేయనవసరం లేదు. మూడంగుళాల ముక్కను కణుపు కింద కోసి, అడుగు ఆకులు తీసి, వేళ్లు రప్పించే పొడి అద్ది తడి కొబ్బరిపొట్టులో గుచ్చి, కోసిన ప్లాస్టిక్ సీసాను మూతలా బోర్లిస్తే రెండు మూడు వారాల్లో వేళ్లు వేసి అచ్చం తల్లి రకమే అవుతుంది.

ఎరువు

ఇక్కడ చేయి బిగించాలి. పల్లి చెక్కను నానబెట్టి ఆ నీటిని వారం వారం పోయడం మన ఇంటి తోటల్లో అలవాటు. గులాబీకి బాగానే ఉంటుంది గానీ, పల్లి చెక్కలో నత్రజని సుమారు 7 శాతం ఉంటుంది కనుక డాలియా ఆకు నిగనిగలాడుతూ పచ్చబడుతుంది. నాటిన మూడు వారాల తరువాత ఒక్కసారి లీటరుకు 3 గ్రాముల 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్న ఎరువు) ఇచ్చి, మొగ్గలు కనిపించినప్పటి నుంచి 15 రోజులకొకసారి లీటరుకు 3 గ్రాముల 0:0:50 (నత్రజని లేని పొటాష్ ఎరువు) పోస్తే చాలు. ఎముకల పొడి క్షారగుణం ఉన్న మన మట్టిలో సరిగా కరగదు, దాని బదులు నాటేటప్పుడే ఒక చెంచా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేయడం నయం.

పురుగు, తెగులు

బూడిద తెగులు జనవరిలో, రాత్రి మంచు కురిసే రోజుల్లో వస్తుంది. నల్లని ఆకు మీద తెల్ల బూడిద మొదటి చుక్క నుంచే కనబడుతుంది. ఈ రకాలతో ఉన్న సౌకర్యం ఇదే. కింది ఆకులు తీసేసి గాలి ఆడనిచ్చి, లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం చల్లాలి. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గంధకం చల్లితే ఆకు మాడుతుంది.

ఎర్రనల్లి సంగతి ఇందుకు తిరగబడి ఉంటుంది. పచ్చాకులో వెంటనే కనిపించే పసుపు చుక్కలు నల్లాకులో కనిపించవు. ఆకు మీద దుమ్ము పడినట్టు మసకబారితే, వెనుక వైపు తెల్ల కాగితం పట్టి ఆకును తట్టాలి. కాగితం మీద కదిలే చుక్కలుంటే నల్లి ఉన్నట్టే. ఫిబ్రవరిలో గాలి పొడిబారగానే ఇది విజృంభిస్తుంది. ఆకు అడుగున బలంగా నీరు కొట్టడం, వారానికొకసారి లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనెను సబ్బు నీటితో కలిపి చల్లడం దీనికి మందు. తామర పురుగులకు, పేనుబంకకు కూడా అదే సరిపోతుంది. ఆకులు ముడతపడి పసుపు మచ్చలతో మొక్క గిడసబారితే అది వైరస్, ఆ మొక్కను గడ్డతో సహా తీసి కాల్చేయాలి. ఆ కత్తెరను కడగకుండా మరో మొక్క మీద వాడవద్దు.

పూలు

వాడిన పూలు ఎప్పటికప్పుడు తీస్తేనే కొత్తవి వస్తాయి. అయితే రేకులు రాలిన పువ్వు, విచ్చని మొగ్గ చూపుకు ఒకేలా ఉంటాయి. గుండ్రంగా గట్టిగా ఉంటే మొగ్గ. కొస తేలి, నొక్కితే మెత్తగా తడిగా ఉంటే అది వాడిన పువ్వు. కోసేటప్పుడు తలను మాత్రమే కాక కింది ఆకుల జత దాకా కాడను తీసేయాలి. ఫ్లవర్ వాజు కోసమైతే పూర్తిగా విచ్చిన వాటినే తెల్లవారుజామున కోయాలి, మొగ్గగా కోస్తే తరువాత విచ్చుకోదు.

వేసవి దాటించడం

శివరాత్రి తరువాత ఆకు చిన్నదవుతుంది, రంగు వెలుస్తుంది. నీరు క్రమంగా తగ్గించి, మార్చిలో ఆకులు పండిన తరువాత కాండాన్ని జానెడు ఉంచి కోసి, రెండు వారాలాగి గడ్డలను మెడలు విరగకుండా గుత్తిగా తవ్వాలి. చల్లని దేశాల పుస్తకాల్లో ఇక్కడితో పని అయిపోతుంది. మనకు అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. గడ్డలకు కావలసింది 5–10 డిగ్రీల చల్లదనం, మన మే నెలలో గది లోపలే 35 దాటుతుంది.

కొద్ది గడ్డలుంటే ఫ్రిజ్‌లోని కూరగాయల అర అన్నిటికన్నా నమ్మదగింది. నీడలో రెండు రోజులు ఆరబెట్టి, గంధకం పొడి అద్ది, చేతికి తడి అంటనంత తేమ గల కొబ్బరిపొట్టుతో కలిపి, రంధ్రాలున్న సంచిలో పెట్టాలి. నెలకొకసారి తీసి చూసి, కుళ్లినదాన్ని ఏరేయాలి, ముడతలు పడితే నాలుగు చుక్కల నీరు చిలకరించాలి. ఎక్కువ గడ్డలున్నవారు మట్టి కుండలో ఇసుక నింపి, అందులో పూడ్చి, రంజన్ పెట్టే చల్లని మూలలో ఉంచి, కుండ బయటి వైపు తడిగుడ్డ చుట్టి ఉంచవచ్చు. అయినా కొన్ని ఎండిపోతాయని ముందే అనుకోవాలి.

కుండీలో ఉన్న మొక్కలకు నాకు నచ్చిన పద్ధతి మరొకటి. గడ్డలను తవ్వకుండా, కాండం కోసిన కుండీని వేప చెట్టు నీడకు మార్చి, నాలుగైదు రోజులకు ఒక చెంబు నీళ్లు చొప్పున పోస్తూ ఉండాలి. జూన్‌లో తొలకరి పడగానే కుండీని చూరు కిందికి జరపాలి, లేకపోతే వాన నీరు నిలిచి వేసవిని దాటిన గడ్డ జూలైలో కుళ్లుతుంది. ఆగస్టు నాటికి మొదలు నుంచి చిగుళ్లు లేస్తాయి. వాటిలో ముదురు రంగు పట్టిన చిగుళ్లను మూడంగుళాల పొడవున కోసి పైన చెప్పినట్టు వేళ్లు పట్టించుకోవాలి. పాత గడ్డల గుత్తిని సెప్టెంబరు చివర బయటకు తీసి, ప్రతి ముక్కకూ కన్నున్న మెడ వచ్చేలా పదునైన కత్తితో కోసి, కోత మీద బూడిద అద్ది, ఒక రోజు ఆరనిచ్చి నాటాలి.